నిధులు నగరానికి.. డోలీ మోతలు మన్యానికి

ప్రజారోగ్య వ్యయంలో ప్రాంతీయ అసమానతలు

పాడేరు: అవసరం ఎక్కడ అధికమో నిధులు అక్కడికే చేరాలి. ప్రజారోగ్య వ్యయంలో జరుగుతున్నది ఇందుకు భిన్నం. 2018-20 గణాంకాల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు కేరళలో 19 కాగా, అస్సాంలో 195. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఒకే దేశంలో పదిరెట్ల అంతరం! దీనికి పేదరికం, నిరక్షరాస్యత వంటి కారణాలెన్నో ఉన్నా, వైద్యానికి నిధులు ఏ దారిలో వెళ్తున్నాయన్నదీ కీలకమే.

రాష్ట్రాల మధ్య..

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోని అంశాలు. రాబడి ఉన్న రాష్ట్రం ఎక్కువ వెచ్చించగలదు. లేనిది వెనుకబడుతుంది. ఈ లోటు పూడ్చేందుకే 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌ను ప్రారంభించి, బీహార్, ఉత్తరప్రదేశ్ సహా 18 రాష్ట్రాలపై ప్రత్యేక దృష్టి సారించారు. అయితే కేంద్రం వాటా రావాలంటే రాష్ట్రమూ తన వాటా జమ చేయాలి. 2015-16 నుంచి ఈ నిష్పత్తి ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10 కాగా, మిగిలిన వాటికి 60:40. ఖజానా బలహీనంగా ఉన్న బీహార్‌కూ 40 శాతం భారం తప్పదు.

జిల్లాల మధ్య..

వైద్య బడ్జెట్‌లో జీతాలదే పెద్ద పద్దు. వైద్యుడు చేరని చోటికి ఆ జీతమూ చేరదు. కేటాయింపు కాగితంపైనే మిగిలిపోతుంది.

బీమా తరహా పథకాలదీ ఇదే తీరు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న వెనుకబడిన మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లోనే మొదలైంది. ఎందరో పేదలకు ఖరీదైన శస్త్రచికిత్సలు అందాయి. కానీ ఆ చికిత్సలు చేయగల ఆసుపత్రులు అధికంగా ఉన్నది హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో. రోగి పల్లెవాసి అయినా బిల్లు సొమ్ము నగరానికే వెళ్తుంది. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

ఇక నిబంధనల సంగతి. మైదానంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. సడలింపు ఉన్నా ప్రధాన కొలమానం జనాభాయే. విసిరేసినట్లున్న గూడేలకు అది చాలదు. రోడ్డు ముగిసిన చోట 108 వాహనం ఆగిపోతుంది. అక్కడి నుంచి గర్భిణికి డోలీయే దిక్కు.

ఏం చేయాలి?

ప్రజారోగ్యానికి 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం వెచ్చించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం నిర్దేశించింది. 2021-22లో వెచ్చించింది 1.84 శాతమే. ఆ ఏడాది దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతాన్ని ప్రజలు సొంత జేబు నుంచే భరించారు.

మొత్తం పెంచితేనే సరిపోదు. జిల్లాల వారీగా తలసరి వైద్య వ్యయాన్ని ఏటా ప్రకటించాలి. కేటాయింపుల్లో దూరాన్నీ, రోగభారాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఏజెన్సీలో పనిచేసే వైద్యులకు నివాసం, ప్రత్యేక భత్యం కల్పించాలి. పాడేరులో 2024-25లో 50 సీట్లతో వైద్య కళాశాల ప్రారంభం కావడం శుభ పరిణామం. అక్కడ చదివిన వైద్యులు కొందరైనా మన్యంలోనే నిలిస్తే, నిధులు కూడా కొండెక్కుతాయి.