సవుకోస్కి: నేల, జనము, ఊరిపేరు

ఒక సీమలో జనసంఖ్య క్షీణించినచో అచ్చటి భాషకు కలుగు నష్టమెట్టిదను ప్రశ్న గ్రామనామములను పరిశోధించువారికి మిక్కిలి ముఖ్యమైనది. దీనిని విచారించుటకై ఫిన్లండు దేశమందలి సవుకోస్కి అను ఫిన్నిష్ భాషా సీమను మేమిచట ఉదాహరణముగా గైకొనుచున్నాము. ఇది పట్టణము కాదు. విడివిడి పల్లెలు, అడవులు, సరస్సులు కలిసిన గ్రామీణ స్థానిక పాలనావిభాగము.

సవుకోస్కి లాప్లండు తూర్పుభాగమున, ఉత్తర ధ్రువవృత్తమునకు పైన, రష్యా సరిహద్దు నానుకొని యున్నది. దీని వైశాల్యము సుమారు 6,500 చదరపు కిలోమీటర్లు. ఇందు పైన్, స్ప్రూస్ అడవులును, ఊబినేలలును, చెట్లులేని గుండ్రని కొండలును కలవు. ఫిన్లండు నదులలో మిక్కిలి పొడవైన కెమియోకి ఇచటనే పుట్టి బోత్నియా సింధుశాఖలో కలియును. ఇచటి నువోర్తి నది మాత్రము తూర్పునకు పారి, తుదకు దాని నీరు ఆర్కిటిక్ సముద్రమును చేరును. కావున ఇది రెండు సముద్రముల నీటిని విభజించు మిట్ట.

ఇచటి జనసంఖ్య ఇటీవల సుమారు 1,000 మాత్రమే. అనగా ఆరు చదరపు కిలోమీటర్లకు పైబడిన నేలకు ఒక్క మనిషి. కాని యీ సగటు మనలను మోసగింపగలదు. జనులు నేలయంతట చెదరి యుండక, నదీతీరములను, బాటలను అనుసరించి మార్త్తి, తన్హువా వంటి పల్లెలలో నివసింతురు; తక్కిన భూమి దాదాపు నిర్జనము. రెయిన్‌డీరుల పెంపకము, అడవిపని వీరి పూర్వవృత్తులు. యంత్రములు వచ్చినంత అడవిలో మనుష్యుల పని తగ్గెను. కెమియోకిపై దుంగలను తేల్చి పంపుటయు 1991తో ముగిసెను. యువజనులు చదువునకు, కొలువునకు పట్టణముల కేగుచున్నారు.

ఇక పేరును చూతము. 'సవు' అనగా పొగ, 'కోస్కి' అనగా నదిలో నీరు వడిగా దుముకుచు పారు చోటు. ఫిన్నిష్ భాషలో విభక్తి ప్రత్యయము మన భాషయందువలెనే పదాంతమున చేరును. హెల్సింకిలో అనుటకు 'లో' అను అర్థము గల ప్రత్యయమును చేర్చి 'హెల్సింగిస్సా' అందురు. సవుకోస్కికి మాత్రము 'మీద' అను అర్థము గల ప్రత్యయమును చేర్చి 'సవుకోస్కెల్లా' అందురు. ఏ యూరికి ఏ ప్రత్యయము చెల్లునో వ్యాకరణసూత్రము పూర్తిగా నిర్ణయింపజాలదు. ఆ యూరివారి వాడుకయే ప్రమాణము. పల్లె ఖాళీయైనచో పటమున పేరు నిలుచును గాని, దానిని పలుకు తీరునకు ప్రమాణమైన నోరు నిలువదు.

ఇది కేవలము ఊహ కాదు. ఈ ప్రాంతములందు పూర్వము కెమి సామీ అను భాష యుండెడిది. పొరుగుననున్న సొదన్‌క్యులకు చెందిన ఓలౌస్ సిర్మా ఆ భాషలో అందించిన గీతము 1673లో అచ్చయినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ భాష అంతరించెను. అయినను సవుకోస్కిలోని సెయితయార్వి అను పల్లెపేరున సామీజనుల పవిత్రశిలను తెలుపు 'సెయిత' అను మాట నేటికిని నిలిచియున్నది; 'యార్వి' అనగా సరస్సు. శిలను కొలిచినవారి భాష పోయి, పేరు మాత్రము మిగిలినది.

కావున గ్రామనామములను సేకరించువారు పేరును మాత్రమే వ్రాసికొనుట చాలదు. ఆ యూరివారు దానిని వాక్యమున నెట్లు వాడుదురో వారి నోటనే విని వ్రాసికొనవలెనని మా యభిప్రాయము. పేరు పటమున దొరకును. వాడుక మనుష్యులయందే దొరకును.