తూటాల పునఃపూరణ (పోటీ పిస్తోలు)

ఒకసారి పేల్చిన తూటా యొక్క ఖాళీ తొడుగును శుభ్రపరచి, దానిలో కొత్త ప్రైమరును, కొలిచిన తుపాకి మందును, కొత్త గుండును అమర్చి తిరిగి పేల్చదగిన తూటాగా తయారుచేయడాన్ని తూటాల పునఃపూరణ అంటారు. ఆంగ్లంలో దీనిని రీలోడింగ్ లేదా హ్యాండ్‌లోడింగ్ అని వ్యవహరిస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, ఐరోపాలోని కొన్ని దేశాలలోను పిస్తోలు పోటీలలో పాల్గొనేవారు ఖర్చు తగ్గించుకొనుటకు, తమ పిస్తోలుకు సరిగ్గా నప్పే తూటాను పొందుటకు ఈ పని చేస్తారు. ఇందులో కీలకమైన అంశం మందు ఎంపిక. పోటీకి మంచి మందు అంటే అత్యధిక వేగాన్నిచ్చేది కాదు. కావలసిన వేగాన్ని ప్రతిసారీ ఒకే విధంగా ఇస్తూ, కూర్పులో పొరపాటు జరిగితే కంటికి కనిపించేటట్లు ఉండేది మంచి మందు.

తూటా భాగాలు

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. అవి ఇత్తడి తొడుగు, ప్రైమరు, మందు, గుండు. సూది దెబ్బకు ప్రైమరు మండి మందును అంటిస్తుంది. మందు వాయువుగా మారి గుండును గొట్టం గుండా ముందుకు నెడుతుంది. ప్రైమరు తొడుగు అడుగున మధ్యభాగంలో విడిగా అమరి ఉండే తూటాలను సెంటర్‌ఫైర్ తూటాలు అంటారు. వీటిలో పాత ప్రైమరును తొలగించి కొత్తది అమర్చవచ్చును. .22 లాంగ్ రైఫిల్ వంటి రిమ్‌ఫైర్ తూటాలలో మంటనిచ్చే పదార్థం తొడుగు అంచు మడతలోనే ఉంటుంది. పేలిన తరువాత ఆ అంచు నలిగిపోతుంది. కనుక వీటిని సాధారణంగా పునఃపూరణ చేయరు.

పొగలేని మందు

19వ శతాబ్దం చివరి వరకు తుపాకులలో వాడినది నల్లమందు. ఇది సూరేకారం, బొగ్గు, గంధకాల మిశ్రమం. 1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వీయ్ నైట్రోసెల్యులోజుతో పొగలేని మందును తయారుచేశాడు. 1887లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ నైట్రోసెల్యులోజుకు నైట్రోగ్లిజరిన్ చేర్చి బాలిస్టైట్ రూపొందించాడు. నేటికీ మందులు ప్రధానంగా ఈ రెండు తరగతులకు చెందినవే. నైట్రోసెల్యులోజు మాత్రమే ఆధారంగా గలవి ఏకాధార మందులు, నైట్రోగ్లిజరిన్ కూడా గలవి ద్విఆధార మందులు. ఫిన్లాండుకు చెందిన విహ్తావువోరి ఎన్320 మొదటి తరగతికి, అమెరికాకు చెందిన బుల్స్ఐ, టైట్‌గ్రూప్ రెండవ తరగతికి చెందుతాయి.

మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిను సుమారు 64.8 మిల్లీగ్రాములు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. తూటాకు 4 గ్రెయిన్ల చొప్పున వాడితే పౌను మందుతో 1,750 తూటాలు కూర్చవచ్చును. పొదుపుకు ఇది ఒక కారణం. ఇత్తడి తొడుగును పలుమార్లు వాడగలగడం రెండవ కారణం.

దహన వేగం

మందులను అవి మండే వేగాన్ని బట్టి వేగవంతమైనవి, మధ్యమమైనవి, నెమ్మదైనవి అని విభజిస్తారు. పిస్తోలు గొట్టం పొట్టిది కనుక గుండు బయటపడక ముందే మందు మండిపోవాలి. అందువలన గురి పోటీలలో వేగవంతమైన మందులకు ఆదరణ ఎక్కువ. వీటిని తక్కువ పరిమాణంలో వాడితే సరిపోతుంది. తుపాకి వెనుకకు తన్నే తాకిడిలో గుండుతో పాటు వెలువడే వాయువు బరువు కూడా పాలుపంచుకుంటుంది. కనుక మందు తగ్గితే తాకిడి కొంత తగ్గుతుంది. అయితే గొట్టం చివర కాంపెన్సేటర్ అనే పరికరం అమర్చిన పిస్తోళ్ల విషయం వేరు. ఆ పరికరం వాయువును పైకి మళ్లించి గొట్టం లేవకుండా చేస్తుంది. దానికి వాయువు అధికంగా కావాలి. కనుక అక్కడ నెమ్మదైన మందును ఎక్కువ పరిమాణంలో వాడతారు.

దహన వేగాల పట్టికలు పోలిక కొరకు మాత్రమే. పట్టికలో పక్కపక్కన ఉన్న రెండు మందులను ఒకదాని బదులు మరొకటి అదే కొలతలో వాడరాదు.

శక్తి గుణకం

1976లో అమెరికాలోని కొలంబియా (మిస్సోరి)లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య పోటీలలో తూటాకు కనీస బలాన్ని నిర్ణయించారు. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగులలో తీసుకొని గుణించి 1,000తో భాగిస్తే శక్తి గుణకం వస్తుంది. మైనర్ తరగతికి ఇది కనీసం 125 ఉండాలి. 115 గ్రెయిన్ల గుండు ఈ హద్దును చేరుటకు సెకనుకు సుమారు 1,090 అడుగుల వేగం కావాలి. 124 గ్రెయిన్ల గుండుకు 1,010 అడుగులు, 147 గ్రెయిన్ల గుండుకు 855 అడుగులు చాలును. బరువైన గుండుతో తాకిడి మెత్తగా ఉన్నట్లు పలువురు పోటీదారులు భావిస్తారు.

పోటీలో నిర్వాహకులు క్రోనోగ్రాఫుతో వేగాన్ని కొలుస్తారు. గుణకం 125కు తగ్గినచో ఆ పోటీదారుని మార్కులు లెక్కలోకి రావు. ఉష్ణోగ్రత మారితే వేగమూ మారవచ్చును. అందువలన అనుభవజ్ఞులు సరిగ్గా 125 వద్ద ఆగక కొంత మిగులు ఉంచుకుంటారు.

రెండింతల మందు ప్రమాదం

వేగవంతమైన మందులోని సుగుణమే దాని ప్రమాదానికి మూలం. .38 స్పెషల్ వంటి పెద్ద తొడుగులో కొద్దిపాటి మందు అడుగున పలుచగా ఉంటుంది. పొరపాటున రెండవసారి మందు పోసినా తొడుగు నిండదు, గుండు మామూలుగానే కూర్చుంటుంది. అటువంటి తూటా పేలినప్పుడు తుపాకి బద్దలై చేతికి, కంటికి గాయాలు కావచ్చును. అదే బరువుకు ఎక్కువ చోటు ఆక్రమించే గుల్ల మందును ఎంచుకుంటే రెండవ విడత పొంగి బయటకు పొర్లుతుంది లేదా పైకి కనిపిస్తుంది. కనుక కొత్తగా నేర్చుకొనేవారికి తొడుగులో సగానికి మించి నిండే మందును సూచిస్తారు.

దీనికి వ్యతిరేకమైనది మందు అసలు పడకపోవడం. అప్పుడు ప్రైమరు బలం మాత్రమే గుండును నెట్టగా అది గొట్టంలో ఇరుక్కొనవచ్చును. ఆ సంగతి గమనించక మరొక తూటా పేల్చితే గొట్టం ఉబ్బడమో చీలడమో జరుగుతుంది. శబ్దం మామూలుకంటే తక్కువగా వినిపించిన వెంటనే కాల్పులు ఆపి గొట్టాన్ని పరీక్షించాలి.

పీడనం

అమెరికా ప్రమాణాల సంస్థ సామీ 9 ఎం.ఎం. లూగర్ తూటాకు గరిష్ఠ పీడనాన్ని చదరపు అంగుళానికి 35,000 పౌనులుగా, .45 ఏ.సి.పి.కి 21,000 పౌనులుగా, .38 స్పెషల్‌కు 17,000 పౌనులుగా నిర్ణయించింది. పీడనం మందు కొలతపైన మాత్రమే ఆధారపడదు. గుండు లోతుగా దిగితే మందుకు మిగిలే చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. చిన్న తొడుగు గల 9 ఎం.ఎం. తూటాలో ఈ పెరుగుదల తీవ్రంగా ఉంటుంది.

జాగ్రత్తలు

కొలతలను మందు తయారీదారు ప్రచురించిన తాజా పట్టిక నుండి మాత్రమే తీసుకోవాలి. కనిష్ఠ కొలతతో ప్రారంభించి క్రమంగా పరీక్షించాలి. బల్లపై ఒకసారికి ఒకే మందు డబ్బా ఉండాలి. మందును అసలు డబ్బాలోనే నిలువ చేయాలి, రెండు రకాలను కలుపరాదు. గుండు అమర్చుటకు ముందు ప్రతి తొడుగులోకి వెలుతురులో చూడాలి. గుండ్లలోను, చాలా ప్రైమర్లలోను సీసం ఉంటుంది కనుక పని ముగిసిన పిదప చేతులు కడుగుకొనాలి.

భారతదేశంలో

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అందువలన అమెరికాలో వలె ఇది ఇక్కడ ఇంటి వ్యాపకం కాదు. సెంటర్‌ఫైర్ పిస్తోలు పోటీలలో మాత్రం భారతీయులు రాణించారు. 2006 దోహా ఆసియా క్రీడలలో జస్పాల్ రాణా 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్తోలులో 590 పాయింట్లతో నాటి ప్రపంచ రికార్డును సమం చేసి స్వర్ణం సాధించాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం పొందిన 25 మీటర్ల పిస్తోలు పోటీ .22 రిమ్‌ఫైర్ తూటాలతో జరిగేది. ఈ పోటీకి పునఃపూరణతో సంబంధం లేదు. అందులో పోటీదారులు కర్మాగారంలో తయారైన తూటాలలో తమ పిస్తోలుకు నప్పే రకాన్ని పరీక్షించి ఎంచుకుంటారు.