రైఫిలు మడమ

రైఫిలును భుజానికి ఆనించి పట్టుకొనుటకు వీలుగా వెనుకవైపు అమర్చిన భాగాన్ని రైఫిలు మడమ అంటారు. దీనికి కుందా, స్టాక్ అనే పేర్లు కూడా ఉన్నాయి. పూర్వం దీనిని వాల్‌నట్ వంటి గట్టి కర్రతో ఒకే ముక్కగా చేసేవారు. నేటి పోటీ రైఫిళ్ళలో అల్యూమినియం చట్రానికి చెక్కిలి దిమ్మె, భుజపు పలక, చేతిపిడి వేర్వేరుగా బిగించబడి ఉంటాయి. కనుక ఏ భాగాన్నైనా విడిగా సర్దవచ్చు, మార్చవచ్చు. ఈ వ్యాసం ముఖ్యంగా 10 మీటర్ల ఎయిర్ రైఫిలుకు సంబంధించినది.

ప్రాముఖ్యత

10 మీటర్ల ఎయిర్ రైఫిలు లక్ష్యపత్రంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు మాత్రమే. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్య పతకం పొందాడు. రజత పతక విజేత సాధించినవి 701.5. ఇంత స్వల్పమైన తేడాలుండే ఆటలో ప్రతి గుండుకూ శరీరం ఒకే భంగిమలో నిలవాలి. పోచంపల్లి గుంటమగ్గంలో కాలితో తొక్కే కర్రలు నేతగాని పాదాలకు అందేటట్లు గుంట లోతు ఉండవలెను. అట్లే మడమ కూడా కాల్చువాని శరీరానికి కుదరాలి. పెద్దవారి కొలతకు అమర్చిన రైఫిలును పిల్లలకు యథాతథంగా ఇచ్చినచో మెడ వంగి, నడుముపై భారం పడుతుంది. క్రమంగా తప్పు భంగిమే అలవాటవుతుంది.

సర్దుబాటు

* పొడవు: ట్రిగ్గరు నుండి భుజపు పలక వరకు గల దూరం. వేలు ట్రిగ్గరును సహజంగా చేరాలి.
* చెక్కిలి దిమ్మె: తల నిటారుగా ఉండగానే కన్ను వెనుక సైటు రంధ్రానికి ఎదురుగా రావాలి.
* భుజపు పలక: రైఫిలును కంటి వద్దకు ఎత్తినపుడు భుజంలో స్థిరంగా కుదురుకోవాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, పాత కొలతను వ్రాసి ఉంచుకోవడం మంచిది. అన్నీ ఒకేసారి మార్చినచో ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

మడమను మార్చుట

ముందుగా రైఫిలులో గుండు లేదని నిర్ధారించుకొని, తయారీదారు సూచనల ప్రకారం గాలి సిలిండరును తీసివేయాలి. తరువాత మరలు విప్పి, గొట్టమూ యంత్రభాగమూ ఉన్న పైభాగాన్ని పాత మడమ నుండి వేరుచేస్తారు. ఆ నమూనాకు తగిన కొత్త మడమలో దానిని కూర్చి, మరలను నిర్ణీత బలంతో బిగిస్తారు. బిగింపు ఎక్కువతక్కువలైతే గుండ్లు పడే చోటు మారవచ్చు. కనుక సైట్లను తిరిగి సరిచూడాలి.

నియమాలు, చట్టం

అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిలు బరువు సైట్లతో కలిపి 5.5 కిలోగ్రాములకు మించరాదు. బరువైన కొత్త మడమతో ఈ హద్దు దాటవచ్చు. తనిఖీ పూర్తయిన తరువాత నియమ విరుద్ధంగా మార్పులు చేసినవారు పోటీకి అనర్హులవుతారు.

భారతదేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. వ్యాసానికీ, 20 జౌళ్ళ శక్తికీ మించని ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అవసరం లేదు. మందుగుండు రైఫిళ్ళ విషయం వేరు. 1959 ఆయుధ చట్టంలో ఆయుధాల విడిభాగాలు సైతం ఆయుధాలుగానే పరిగణించబడతాయి. వాటిని మరమ్మతు చేసే వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. కనుక అట్టి రైఫిలు మడమను లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్దనే మార్పించుకోవాలి.