పటం మీది బటన్ ఎందుకు పలకదు?

గోడ మీద స్విచ్చి బొమ్మ గీసి నొక్కితే దీపం వెలుగుతుందా? ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఇలాంటి తమాషా ఒకటుంది.

ఒక యాప్‌లో గూగుల్ పటం అమర్చి, చార్మినార్ దగ్గర ఒక ఆసుపత్రికి గుర్తు పెట్టారనుకోండి. గుర్తును తాకగానే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో 'ఫోన్ చెయ్యి' అనే బటన్. గాభరాలో ఎవరో నొక్కుతారు; ఉలుకూ పలుకూ ఉండదు!

వేలు తగిలిన చోటును ఫోను రెండు సంఖ్యలుగా గుర్తిస్తుంది: ఎడమ అంచు నుంచి ఎంత, పై అంచు నుంచి ఎంత అని. ఆ బిందువు ఎవరి హద్దులో ఉందో పైపొర నుంచి కిందికి వెతుకుతుంది. బటన్ హద్దులో ఉంటే కబురు బటన్‌కే. అయితే పటం ఆ పెట్టెను ఉన్నదున్నట్లు ఉంచుకోదు. దాని ఫొటో తీసి తన మీద అంటించుకుంటుంది. ఇక అక్కడున్నది బటన్ బొమ్మే! 'పెట్టెను తాకారు' అన్న కబురు మాత్రమే యాప్‌కు చేరుతుంది.

ఉపాయం? అసలు బటన్‌ను పటానికి పైపొరగా విడిగా ఉంచాలి. కాని పటాన్ని జరిపితే బటన్ కదలదు. 17.36 ఉత్తర అక్షాంశం, 78.47 తూర్పు రేఖాంశం తెర మీద ఇప్పుడు ఏ బిందువు దగ్గరుందో పటాన్ని అడిగి, జరిపిన ప్రతిసారీ బటన్‌ను అక్కడికి చేర్చాలి. ఈ బాధ పడలేక కొందరు బటన్‌ను తెర అడుగున స్థిరంగా పెట్టేస్తారు. నన్నడిగితే అదే మేలు. కంగారులో ఉన్న వేలికి సులువుగా దొరుకుతుంది.