నాచారం గల్లీ, ఉప్పల్ మెట్రో: రెండింటికీ పనికొచ్చే ప్రామ్

పుట్టిన పాపకి కొన్న ప్రామే రెండు మూడేళ్లు రావాలంటే, రంగు కాదు, ముందు సీటు పూర్తిగా వెనక్కి వాలుతుందా చూడండి. మెడ నిలవని పాపని కూర్చోబెడితే గడ్డం ఛాతీ మీదకి వాలి ఊపిరి ఆడకపోవచ్చు. దాదాపు 6 నెలలదాకా వెల్లకిలా పడుకోబెట్టడమే.

మా నాచారం గల్లీల్లో చిన్న ప్లాస్టిక్ చక్రాలు గుంతల్లో ఇరుక్కుంటాయి. పెద్దవి, స్ప్రింగులున్నవి తీసుకోండి. మరీ బరువైతే ఆటోలోకి ఎవరెత్తుతారు? షాపులోనే ఒంటిచేత్తో మడిచి చూడండి, రెండో చేతిలో పాప ఉంటుంది కదా!

ఉప్పల్ రింగ్‌రోడ్డు దాటడానికి 2023లో వచ్చిన స్కైవాక్ ఉంది. ప్రామ్‌తో ఎస్కలేటర్ వద్దు, లిఫ్టే ఎక్కండి. ఇంకోటి, ఎండ అని ప్రామ్ అంతా చున్నీ కప్పేస్తారు. గాలాడక లోపల ఉడికిపోతుంది. దానికుండే టాప్ దించండి, చాలు.