జుట్టు మార్పిడి తర్వాత ముఖం వాపు: ఏది సహజం, ఏది ప్రమాద సంకేతం

జుట్టు మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో పలువురికి రెండు మూడు రోజుల తర్వాత ఒక అనూహ్య పరిణామం ఎదురవుతుంది. తల మీది గాయాలు మానుతూనే ఉంటాయి, నొప్పి కూడా పెద్దగా ఉండదు. కానీ నుదురు ఉబ్బుతుంది, కనురెప్పలు బరువెక్కుతాయి. కొందరికి ఉదయం లేచేసరికి కళ్లు పూర్తిగా తెరుచుకోవు. చికిత్స వికటించిందేమోనని రోగి, కుటుంబ సభ్యులు ఆందోళన చెందుతారు. అత్యధిక సందర్భాల్లో ఈ వాపు వల్ల ప్రమాదం లేదు, వారం రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అయితే అరుదుగా ముఖం వాపు ప్రాణాపాయానికి తొలి హెచ్చరిక కూడా కావచ్చు. ఈ రెండింటికీ మధ్య తేడాను శస్త్రచికిత్సకు ముందే తెలుసుకోవడం అవసరం.

వాపునకు కారణం

ఈ చికిత్సలో తల వెనుక భాగం నుంచి వెంట్రుకల కుదుళ్లను సేకరించి, జుట్టు రాలిన చోట నాటుతారు. సాధారణంగా రోగి మెలకువగానే ఉంటారు. తల చర్మం మొద్దుబారడానికి లిగ్నోకెయిన్, రక్తస్రావం తగ్గడానికి అడ్రినలిన్ కలిపిన ఉప్పునీటి ద్రావణాన్ని చర్మం కిందికి ఎక్కిస్తారు. వందల, వేల సంఖ్యలో పడే సూక్ష్మ గాయాలకు శరీరం స్పందించినప్పుడు మరికొంత ద్రవం అక్కడ చేరుతుంది.

ఈ ద్రవం కిందికే ప్రవహిస్తుంది. తల వెనుక, పక్కల చర్మం కింది పొరలు ఎముకను అంటిపెట్టుకుని ఉండటంతో అక్కడ దానికి అడ్డు తగులుతుంది. ముందు వైపు మాత్రం నుదుటి కండరం ఎముకకు కాక చర్మానికే అతుక్కుని ఉంటుంది. అందువల్ల ద్రవం నుదుటి మీదుగా జారి, చర్మం పలుచగా, వదులుగా ఉండే కనురెప్పల్లో నిలుస్తుంది. ముందు భాగంలో ఎక్కువ కుదుళ్లు నాటిన వారికి వాపు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

సహజమైన వాపు ఒక క్రమాన్ని పాటిస్తుంది. రెండో రోజుకు నుదుటిపై మొదలై, మూడు నాలుగు రోజుల్లో కళ్ల చుట్టూ చేరి, ఒక్కోసారి బుగ్గల వరకు దిగి, ఐదో రోజు నుంచి తగ్గుముఖం పడుతుంది. కళ్ల చుట్టూ కొద్దిగా కమిలినట్లు రంగు మారవచ్చు. నొప్పి పెరగకుండా, జ్వరం లేకుండా, రెండు వైపులా దాదాపు సమానంగా ఉండటం దీని లక్షణం.

ఉపశమన మార్గాలు

మొదటి మూడు నాలుగు రాత్రులు వెల్లకిలా, తల ఎత్తుగా ఉండేలా పడుకోవాలి. రెండు మూడు దిండ్లు పెట్టుకుని దాదాపు 45 డిగ్రీల కోణంలో వాలి ఉంటే మంచిది. బోర్లా పడుకోకూడదు. నేలపై ఉన్న వస్తువును వంగి తీయడం, గ్యాస్ సిలిండర్ వంటి బరువులు ఎత్తడం, వ్యాయామం మానుకోవాలి. సాష్టాంగ నమస్కారం, నమాజులో సజ్దా వంటివి వైద్యులు అనుమతించే వరకు కూర్చునే ఆచరించడం మేలు.

శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్‌ను నుదుటిపై, కణతలపై 10 నుంచి 15 నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు ఉంచవచ్చు. కుదుళ్లు నాటిన చోట మాత్రం దాన్ని తగలనివ్వరాదు. కొందరు వైద్యులు కుదుళ్లకు దిగువన, నుదుటి చుట్టూ పట్టీ కట్టుకోమంటారు. దాన్ని మరీ బిగించకూడదు. మద్యం, పొగాకు మానాలి. పచ్చళ్లు, అప్పడాల వంటి ఉప్పు ఎక్కువైన ఆహారం తగ్గించాలి. కళ్లు సరిగా తెరుచుకోనంత కాలం వాహనం నడపరాదు.

వాపు తగ్గించేందుకు వైద్యులు కొద్ది రోజులకు స్టెరాయిడ్ మాత్రలు సూచిస్తుంటారు. వీటిని మందుల దుకాణంలో సొంతంగా కొని వాడటం ప్రమాదకరం. మధుమేహం ఉన్నవారిలో ఇవి రక్తంలో చక్కెరను గణనీయంగా పెంచుతాయి. నొప్పి మాత్రలు కూడా వైద్యుడు రాసినవే వాడాలి. పసుపు, కొబ్బరినూనె, ఆకుపసర్లు గాయాలపై పూయరాదు.

జాప్యం చేయకూడని సందర్భాలు

మందు వేసుకున్న లేదా ఇంజెక్షన్ తీసుకున్న కాసేపటికే పెదవులు, నాలుక వాచి, ఒంటిపై దద్దుర్లు వచ్చి, గొంతు బిగుసుకుపోయినట్లు, ఊపిరి అందనట్లు అనిపిస్తే అది తీవ్రమైన అలర్జీ కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. జ్వరం, చలి, రోజురోజుకూ పెరిగే నొప్పి, చర్మం ఎర్రబడి వేడెక్కడం, చీము, దుర్వాసన ఇన్ఫెక్షన్‌కు సంకేతాలు. చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, కంటిలో నొప్పి ఉంటే అదే రోజు వైద్యుడికి చూపించాలి. మెడ, భుజాలకు పాకే వాపు, మూత్రం తగ్గడం, మగత, అయోమయం కనిపిస్తే పెద్ద ఆస్పత్రికి తరలించాలి. వారం దాటినా తగ్గని వాపును, తగ్గి మళ్లీ వచ్చిన వాపును కూడా తేలికగా తీసుకోకూడదు.

ఈ హెచ్చరికలకు విషాద నేపథ్యం ఉంది. దిల్లీలో ఒక సెలూన్‌లో జుట్టు మార్పిడి చేయించుకున్న యువకుడు 2021లో మరణించాడు. ముఖం, భుజాలు వాచి, తీవ్రమైన తలనొప్పితో బాధపడ్డాడని కుటుంబ సభ్యులు తెలిపారు. ఆయన తల్లి దాఖలు చేసిన పిటిషన్‌ను విచారించిన దిల్లీ హైకోర్టు, అర్హత లేనివారు ఇలాంటి చికిత్సలు చేయడంపై ఆందోళన వ్యక్తం చేసింది. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. శస్త్రచికిత్సలో తగిన శిక్షణ పొందిన అర్హులైన వైద్యులే జుట్టు మార్పిడి చేయాలని, వర్క్‌షాపులు లేదా యూట్యూబ్ వీడియోలు చూసినంత మాత్రాన అది శిక్షణ కాదని స్పష్టం చేసింది.

కాబట్టి తక్కువ ధరను కాక, ముందుగా శస్త్రచికిత్స ఎవరు చేస్తారన్నది అడగాలి. ఆ వైద్యుడి అర్హత, రాష్ట్ర వైద్య మండలిలో నమోదు, అత్యవసర చికిత్స ఏర్పాట్లు, రాత్రి వేళ ఫోన్‌లో అందుబాటులో ఉండేదెవరన్నది తెలుసుకోవాలి. తమకున్న వ్యాధులను, వాడుతున్న మందులను, అలర్జీలను దాచకుండా చెప్పాలి. పెళ్లి చూపులకో, ఉద్యోగ ఇంటర్వ్యూకో సిద్ధమయ్యేవారు వాపు తగ్గే వ్యవధిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బట్టతల గురించి మాట్లాడటానికి బిడియపడి, ఇంట్లో చెప్పకుండా చికిత్స చేయించుకుని ఒంటరిగా గదిలో ఉండేవారూ ఉన్నారు. కళ్లు మూసుకుపోయిన స్థితిలో, అర్ధరాత్రి జ్వరం వచ్చినప్పుడు పక్కన మనిషి లేకపోవడం వాపు కన్నా పెద్ద ప్రమాదం. కనీసం ఒక్క ఆత్మీయుడికైనా విషయం తెలియజేసి, మొదటి వారం వారి తోడు ఉండేలా చూసుకోవడం ఉత్తమం.