బాక్సైట్ కొండలు, వాటి మీది మొక్కలు: విశాఖ మన్యమును గూర్చి ఒక పరిశీలన

విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలను గూర్చిన చర్చ ఇంతవరకు ఎక్కువగా భూమి హక్కు చుట్టూనే తిరిగినది. అది న్యాయమే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు కాల్సైట్ గనుల వివాదంలో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు సంస్థలకు గనుల నిమిత్తం కౌలుకివ్వరాదని చెప్పినది. దాని తరువాత ప్రభుత్వ సంస్థ ద్వారా తవ్వించే మార్గం ముందుకు వచ్చినది. 2015 నవంబరు 5న వెలువడిన 97వ నెంబరు జీవో చింతపల్లి, జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్ళించినది. 2019లో అది రద్దయినది. జీవో పోయినను ఖనిజం మాత్రం కొండ మీదనే ఉన్నది. ఆ మన్యంలో ఎక్కువ భాగం 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇటువంటి ప్రతిపాదన మరల వచ్చినచో అచ్చటి మొక్కలకు ఏమగునో ముందుగా తెలిసికొనుట మంచిది. ప్రజాభిప్రాయ సేకరణ జరుగునప్పుడు గ్రామస్థుల పక్కన కూర్చుండే మన సేవకులకు ఇది మరింత అవసరం.

తూర్పు కనుమలలోని బాక్సైట్ ఖొండలైటు అనే రాయి లక్షల ఏండ్లు వానకు, ఎండకు చివికిపోగా ఏర్పడినది. గాలికొండ, రక్తకొండ, సప్పర్ల, జెర్రెల మొదలైన కొండల నెత్తిన అది టోపీ వలె పరచుకొని ఉన్నది. ఆ టోపీ నిండా రంధ్రాలు. వాననీరు అందులో ఇంకి, అడుగున ఉన్న బంకమట్టి పొరను తాకి, కొండ పక్కల నుండి ఊటగా బయటికి వచ్చును. వేసవిలో కూడ గెడ్డలు పారుటకు ఈ ఊటల ఆసరా ఉన్నది. విశాఖ నగరానికి నీరిచ్చే తాటిపూడి, రైవాడ జలాశయాలకు ఆధారమైన గోస్తనీ, శారదా నదులు ఈ కొండల నుండి దిగినవే.

గని కోరువారు తరచు చెప్పే మాట ఒకటి కలదు: కొండ నెత్తిన గడ్డి తప్ప ఏమియు లేదు, పోవునది బంజరే అని. చూపుకు అది నిజమే. రాతిపై మట్టి పలుచన గనుక పెద్ద చెట్లు అచ్చట అంతగా ఎదగవు. అయితే ఆ గడ్డిలో నేల ఆర్కిడ్ల వంటి మొక్కలున్నవి. వేసవి అంతయు వాటి దుంప భూమిలో దాగి ఉండి, తొలకరికి మొలిచి, వానలలో పూచి, చలికాలం నాటికి ఆకు కూడ మిగలకుండ మాయమగును. పర్యావరణ ప్రభావ నివేదికల కొరకు వర్షాకాలం కాని ఒక్క ఋతువులో వివరాలు సేకరించినచో సరిపోవుననే పద్ధతి మన దేశంలో చాలా కాలంగా ఉన్నది. ఫిబ్రవరిలో కొండెక్కిన వానికి బంజరు కనబడక మరేమి కనబడును? ఈ పద్ధతియే పెద్ద లోపమని నా అభిప్రాయం.

గడ్డి కన్న ఎక్కువ ప్రమాదం కొండ పక్కల లోయలకున్నది. గెడ్డల ఒడ్డున నీడలో చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్నులు ఉన్నవి. వీటి అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ ఒప్పందపు ఆంక్షలున్నవి. వాటికి నీడ కావలెను, గాలిలో తడి కావలెను. చెట్ల బెరడుపై పెరిగే ఆర్కిడ్లదియు అదే స్థితి. అవి చెట్టు రసము త్రాగవు, ఆసరా మాత్రమే తీసికొనును. వాటి విత్తనం ధూళి వంటిది, తోడుగా తగిన శిలీంధ్రం లేనిదే మొలవదు. కావున చెట్టు కొట్టి వేరొక చోట చెట్టు నాటినంత మాత్రాన ఆర్కిడ్ తిరిగి రాదు. లంబసింగి, చింతపల్లి వంటి చోట్ల చలి ఎంతటిదో పాఠకులెరుగుదురు. వేడి మైదానాల నడుమ ఈ చల్లని శిఖరాలు దీవుల వంటివి. ఈశాన్య భారతంలోను పడమటి కనుమలలోను పెరిగే కొన్ని మొక్కలు నడుమ ఎక్కడా లేక ఇచ్చట మాత్రం నిలిచియున్నవి. కొండ తలయే పోయినచో అవి ఇంకను పైకి పోవుటకు చోటు లేదు.

తవ్వకం గొయ్యితో ఆగదు. లారీల ఎర్రదుమ్ము ఆకులపై పేరుకొని సూర్యరశ్మిని అడ్డగించును. అడవిని చీల్చిన దారి వెంబడి లాంటానా వంటి కలుపు లోనికి చొచ్చును.

పోడు వలన, విచ్చలవిడి సేకరణ వలన అడవి ఇదివరకే దెబ్బతిన్నదనుట వాస్తవం. అగరుబత్తీల కొరకు బెరడు ఒలిచి ఒలిచి నరమామిడిని అరుదు చేసితిమి. సర్పగంధ వేరుకొరకు మొక్కనే పెకలించితిమి. ఐనను పోడు విడిచిన నేలలో వేరు, విత్తు, మన్ను మిగిలియుండును గనుక అడవి మెల్లగా తిరిగి రావచ్చును. బాక్సైట్ తవ్వినప్పుడు మన్ను, రాయి రెండును పోవును.

పొరుగున కోరాపుట్ జిల్లా పంచపట్మాలిలో 1980ల నుండి తవ్వకం జరుగుచున్నది. తవ్విన చోట మట్టి నింపి మొక్కలు నాటిరి. పచ్చదనం వచ్చినది, కాదనలేము. కాని నాటిన తోట వేరు, అడవి వేరు. అడ్డాకు, కొండచీపురు, కుంకుడు, కరక్కాయ, ఉసిరి ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముకొనే కుటుంబానికి ఈ తేడా సంతరోజుననే తెలియును. మన్యంలో మరల సర్వే జరిగినచో, అది జూలైకి, సెప్టెంబరుకు నడుమ కూడ జరగవలెననియు, ఏ గెడ్డ ఒడ్డున ఏది మొలుచునో ఎరిగిన ఊరివారిని వెంట తీసికొని పోవలెననియు గ్రామసభలు తమ తీర్మానాలలో ముందే వ్రాయించుకొనవచ్చును.